జారుడు మన్ను

వనిపెంట దాటి, తెలుగుగంగ కాలవ దాటి,
నల్లమల మొదటి మెట్టు కాడ
మా నాయన పక్కీరప్ప సమ్మెటకు ఆ వారం సెలవు.
రోజుకు నాలుగు నూర్ల కూలికి
సర్వే ఆఫీసు మేడమ్ సంచి మోసినాడు.
సంచి నిండా రాళ్లే.
"కొండ మీది రాళ్లను కొండ కిందికి మోసేదానికి
కూలిచ్చే సర్కారును ఇప్పుడే జూస్తి"
అని నవ్వినాడు మొదటిరోజు.

రెండోరోజు నవ్వలేదు.
ఆమె వంక గట్టున నిలబడి
పైనున్న నల్లటి పలకరాయిని చూపించి, ఇది అవ్వ, అనింది.
కిందున్న నాపరాయిని సుత్తితో తట్టి, ఇది మనవరాలు, అనింది.
"అవ్వ ముందర పుట్టింది గదా మేడమ్,
అడుగున ఉండాల్సింది అవ్వ గదా?"
నలభై ఏండ్లు గనిలో పొర మీద పొర లేపినోడు,
పైది కొత్త, కిందిది పాత అని
ఎవరూ చెప్పకనే తెలిసినోడు
నోట్లో బీడీ ఆరిపోయేదాకా చూసినాడు.

ఆమె ఆయన భుజం మీది తువ్వాల అడిగింది.
బండ మీద పరిచి, తూరుపు కొసన అరచెయ్యి పెట్టి
పడమటికి తోసింది.
తువ్వాల ముడత పడె. ముడత లేచె.
లేచిన ముడత పక్కకు వాలి
తన మీద తానే పండుకొనె.
"ఇట్ల," అనింది. "తూరుపు నుంచి.
కోట్ల ఏండ్ల కింద."
మంచుకొండల దేశంలో ఇట్లా పొరను నాప్ అంటారంట,
ఆ ఊరి మాటలో అన్నం బల్ల మీద పరిచే గుడ్డంట.
నాయన తువ్వాల దులిపి భుజాన ఏసుకున్నాడు.
"మాదీ నాపే, మీదీ నాపే మేడమ్.
మీది పరిస్తే కూడు, మాది కోస్తే కూడు."

ఎంత దూరం నుంచి జరిగొచ్చింది అని అడిగినాడు.
"తెల్దు పక్కీరప్పా, ఇంకా కొలవల్ల" అనింది.
తెల్దు అని చెప్పే చదువుకున్నోళ్లను
ఆయన అంతకు ముందు చూడలేదు.
ఆ పొద్దు నుంచి సంచి బరువు గురించి మాట్లాడలేదు.

మూడోరోజు ఆయన చెయ్యి పట్టుకొని
రెండు రాళ్ల సందులో పెట్టించింది.
వేలెడు మందం. బూడిద రంగు. తడి.
చల్లారిన సంగటి మాదిరి మెత్తగా,
నలిగి నలిగి కొండే పిండైన మన్ను.
"ఇంత కొండ కదిలింది దీని మీదనే.
గట్టిరాయి మీద గట్టిరాయి ఊరికే జరగదు.
నడుమ ఏదో ఒకటి నలగల్ల."

ఇంటికొచ్చి నాయన అమ్మ బొంత లాగినాడు.
ఏడు పాత చీరల బొంత.
తోసినాడు. వాల్చినాడు. అవ్వ, మనవరాలు అన్నీ చెప్పినాడు.
అమ్మ హుసేనమ్మ పొయ్యి కాడ నుంచి లేవలేదు.
"ఆ బూడిద మన్నేగదా?
మా అమ్మ ఆ వంకలోనే తెస్తాండె.
నేనూ తెస్తాండా, పెండ్లైన కాడి నుంచి.
పొయ్యికి మెత్తితే పగలదు."
నాయన పొయ్యి దిక్కు చూసినాడు.
కొండ నడిచిన దారి
మూడు మెత్తుల మందాన ఎండి ఉంది.
దాని మీద ఉలవచారు ఉడుకుతాంది.

తర్వాత ఆరేండ్లకు
కడప ఆసుపత్రిలో డాక్టరు ఎక్సరే లైటుకు పెట్టి
ఊపిరితిత్తుల మీద తెల్లటి పొర చూపించినాడు.
బండల దుమ్ము అన్నాడు.
నాయన దగ్గుకుంటా ముందుకు వంగి
"ఇది ఏ దిక్కు నుంచి జరిగొచ్చింది సార్?" అని అడిగినాడు.
డాక్టరుకు అర్థం కాలేదు. నేను చెప్పలేదు.

పోయిన చిత్తకార్తి వానల్లో
అమ్మ గంపెత్తుకొని వంకలోకి దిగె.
సరిగ్గా ఆ సందు కాడనే కాలు జారి
దబ్బున కూలబడె.
నేను ఉరుక్కుంటా పోతే
చీరకు అంటిన బూడిద రంగు చూసుకుంటా
"కొండే జారిందంట ఈడ,
నేనెంతలే" అనింది.

చెయ్యి అందిస్తే పట్టుకోలేదు.
కూచున్న కాడనే
గంప నింపుకొని లేచింది.